వాడికి లేని కరెంటు మావాడికెందుకు?

ఈ వారం ఉత్తరం ఒక మేనమామ రాసింది. నాలుగు పేజీలు. చివర పేరుకు బదులు 'ఒక మేనమామ' అని సంతకం. ఎరువుల కొట్టు నడుపుతారట. అక్క కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, ఇంకో రెండు నెలల్లో 18 నిండుతాయి. దసరా సెలవుల్లో క్రికెట్ ఆడి వచ్చి ఎడమ తుంటి నొప్పి అన్నాడు. బెణికిందనుకుని నూనె రాసి తోమించారు, పక్క ఊళ్ళో కట్టు కట్టించారు, కాల్షియం మాత్రలు మింగించారు. పగలు ఎలాగో ఉండేవాడు, రాత్రి నొప్పికి లేచి కూర్చునేవాడు. సంక్రాంతికి వాడి నడక చూసి, పట్టుబట్టి ఎంఆర్ఐ తీయించింది ఈ మేనమామే. ఎడమ కటి ఎముకలో గడ్డ. సూదితో ముక్క తీసి పరీక్షిస్తే ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ అని తేలింది. ఊపిరితిత్తులకూ ఎముక మజ్జకూ పాకలేదు. అదొక్కటే ఊరట.

రెండు వారాలకోసారి చొప్పున ఆరు కోర్సుల కీమో అయింది. జుట్టు పోయింది, తొమ్మిది కిలోలు తగ్గాడు, నొప్పి మాత్రం పోయింది. మళ్ళీ స్కాన్ తీస్తే గడ్డ సగానికి తగ్గింది. తగాదా అక్కడ మొదలైంది. కీమో ఇస్తున్న ఆసుపత్రి వాళ్ళు '28 సిట్టింగుల రేడియేషన్, పక్కనే కీమో, ఆ తర్వాత నెలా నెలన్నరకు ఆపరేషన్' అన్నారు. ఇంకో ఆసుపత్రికి వెళ్తే 'ఇప్పుడే ఆపరేషన్ చేద్దాం, ఎముక బయటికి తీసి రేడియేషన్ పెట్టి మళ్ళీ అక్కడే అమరుస్తాం' అన్నారు. బంధువులకు తెలిసిన మూడో డాక్టరు వాట్సాప్‌లో రిపోర్టులు చూసి 'ఆపరేషనే అక్కర్లేదు, రేడియేషన్ చాలు' అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

బావగారు 'సగమయ్యాక కూడా తీసేయకుండా ఇంకా నెలలు నెలలు ఏమిటి?' అంటున్నారు. అక్కకు 'కరెంటు' అంటేనే, అదే రేడియేషన్ అంటేనే భయం. వాళ్ళ అత్తగారికి నోటి క్యాన్సర్‌కు కరెంటు పెడితే నోరంతా పుండై నెల రోజులు గంజి కూడా దిగలేదట. పై వీధిలో ఇంకో కుర్రాడికి మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్ వస్తే కీమో, ఆపరేషన్, మళ్ళీ కీమో, అంతే. లోపల రాడ్డు వేశారు, ఇప్పుడు స్కూటీ నడుపుతున్నాడు. 'వాడికి లేని కరెంటు మావాడికెందుకు?' అని అక్క ప్రశ్న. ఇంతా చేసి కుర్రాడికి చెప్పింది మాత్రం 'ఎముకలో ఇన్ఫెక్షన్' అని. ఒక రాత్రి వార్డులో వాడు 'మామయ్యా, నేను మళ్ళీ బౌలింగ్ వేస్తానా?' అని అడిగితే, టీ తెస్తానని చెప్పి బయటికి వచ్చేశారట ఈయన. 'మీరైతే ఏం చేస్తారు? ఒక్క ముక్కలో చెప్పండి' అని ఉత్తరం ముగించారు.

*

ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదు తమ్ముడూ. నేను రేడియేషన్ విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైనదాన్ని. మీరు పంపిన రిపోర్టు కాగితం తప్ప మీవాడి స్కాన్ బొమ్మలు నేను చూడలేదు, చూడకుండా 'ఇది చేయండి' అంటే నేను కూడా మీ వాట్సాప్ డాక్టరు లాంటిదాన్నే అవుతాను. కానీ మీ ఉత్తరంలో మూడు నాలుగు చిక్కుముళ్ళు ఒకదానిలో ఒకటి పడిపోయాయి. వాటిని విడదీస్తే ఎవరిని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందు అక్క ప్రశ్న. అది అడగాల్సిన ప్రశ్నే. పై వీధి కుర్రాడిది నా అంచనాలో ఆస్టియోసార్కోమా అయ్యుంటుంది. ఆ వయసులో మోకాలి దగ్గర ఎక్కువగా వచ్చేది అదే, మీరు చెప్పిన వైద్యమూ దానిదే. రెంటినీ మనం 'ఎముక క్యాన్సర్' అనే అంటాం గానీ, రెండూ ఒక జబ్బు కాదు. ఆస్టియోసార్కోమా రేడియేషన్‌కు అంత తేలిగ్గా లొంగదు. అందుకే అక్కడ కీమో, కత్తి, మళ్ళీ కీమో. ఆపరేషన్‌కు అందని చోటో, అంచుల్లో జబ్బు మిగిలిందని తేలినప్పుడో తప్ప రేడియేషన్ జోలికి వెళ్ళరు. ఈవింగ్ దీనికి పూర్తిగా ఎదురు. 1921లో న్యూయార్క్‌లో జేమ్స్ ఈవింగ్ అనే పాథాలజిస్టు దీన్ని వేరే జబ్బుగా గుర్తించడానికి ఒక కారణం, మిగతా ఎముక గడ్డలు మొండికేస్తుంటే ఇది రేడియం కిరణాలకు కరిగిపోవడం. అంటే మీవాడి జబ్బుకు మొదటినుంచీ ఉన్న ఆయుధాల్లో రేడియేషన్ ఒకటి. పై వీధి వాడికి పెట్టలేదంటే దాని వల్ల వాడికి పెద్దగా ఉపయోగం లేక. మీవాడికి పెడతామంటున్నారంటే ఉపయోగం ఉంది కనక. అక్కకు ఈ మాట మీరే కూర్చోబెట్టి చెప్పండి. పై వీధి కుర్రాడి వైద్యంతో పోల్చుకోవడం ఆగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

బావగారి తొందర కూడా నాకు అర్థమవుతుంది. గడ్డ కనిపిస్తోంది, తీసేస్తే పోతుంది కదా అని. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. 1970లకు ముందు ఆస్టియోసార్కోమా పిల్లలకు కాలో చెయ్యో తీసేసి పంపేసేవారు. ఎక్కువమంది ఊపిరితిత్తుల్లో జబ్బు తేలి చనిపోయేవారు. కాలు తీసేనాటికే కంటికి కనిపించని కణాలు రక్తంలో బయల్దేరిపోయి ఉండేవన్నమాట. 1986లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఈ జబ్బున్న 36 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఆపరేషన్ ఒక్కటే చేసిన జట్టులో రెండేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది 17 శాతం, ఆపరేషన్ తర్వాత కీమో కూడా ఇచ్చిన జట్టులో 66 శాతం. ఈవింగ్‌లోనూ నడిచే సూత్రం ఇదే. కాబట్టి ఆపరేషన్‌కు ముందు కీమో ఇవ్వడం కాలయాపన కాదు. ఆ పద్ధతి పుట్టింది మాత్రం తమాషాగా, ఖాళీ సమయంలోంచే. 1970లలో న్యూయార్క్‌లో గెరాల్డ్ రోజెన్ బృందం కుర్రాళ్ళ కాళ్ళు తీసేయకుండా లోహపు ఎముక అమర్చాలనుకుంది. ఒక్కొక్కరి కొలతకు అది తయారై రావడానికి వారాలు, నెలలు పట్టేది. అన్నాళ్ళూ ఊరికే కూర్చోబెట్టడమెందుకని కీమో మొదలుపెట్టారు. అలా తీసిన ఎముకను కోసి చూస్తే గడ్డ చాలావరకు చచ్చిపోయి కనిపించేది. అప్పటినుంచి అదే పద్ధతి అయింది.

అయితే బావగారి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని కొట్టేయకండి. ఈవింగ్‌లో కీమో తారీఖులు జరిగిపోకూడదు. పాకని ఈవింగ్ ఉన్న 568 మంది మీద చేసిన అధ్యయనంలో అవే మందులు మూడు వారాలకోసారి ఇచ్చిన జట్టులో ఐదేళ్ళకు జబ్బు తిరగకుండా ఉన్నది 65 శాతం, రెండు వారాలకోసారి ఇచ్చిన జట్టులో 73 శాతం. మందులు మారలేదు, వ్యవధి మారిందంతే. మీవాడికి ఇస్తున్న పద్ధతి ఇదేలా ఉంది. ఇందులో సాధారణంగా మొత్తం 14 కోర్సులు, ఆరు ముందు, ఎనిమిది తర్వాత. మూడు అభిప్రాయాల చుట్టూ తిరుగుతూ మీరు ఏడో కోర్సు తారీఖు దాటబెట్టేశారేమోనని నా భయం. అభిప్రాయాలు ఎన్నయినా తీసుకోండి, కానీ మందు ఆపి కాదు.

ఇప్పుడు అసలు విషయం. రేడియేషన్ ముందా, కత్తి ముందా?

మీరు ఎరువుల కొట్టు వారు, తుంగ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పైన ఆకు పీకితే పోదు, గడ్డతో, చుట్టూ ఉన్న మట్టితో సహా పెళ్ళగించాలి. ఒక్క గడ్డ మిగిలినా మళ్ళీ లేస్తుంది. సర్జన్ చేసేదీ అదే. గడ్డ చుట్టూ కాస్త మంచి కండ, మంచి ఎముక కలిపి తీస్తారు. ఆ పొరనే మార్జిన్ అంటారు. మోకాలి దగ్గరైతే చేను మధ్యలో తవ్వినట్టు, చుట్టూ చోటుంటుంది. కటి ఎముక అలా కాదు, పక్కవాడి గట్టు పక్కన, నీళ్ళ పైపు మీద లేచిన తుంగ. ఒక పక్క పేగులు, మూత్రాశయం. వెనక వెన్నెముక కింది భాగం, కాలికి వెళ్ళే నరాలు. కింద తుంటి కీలు గిన్నె. ఒక్కో వైపు తవ్వడానికి చోటే ఉండదు.

మీ మొదటి ఆసుపత్రి వాళ్ళు రేడియేషన్ ముందన్నారంటే, ఏదో ఒక వైపు మార్జిన్ బొటాబొటిగా ఉంటుందని వాళ్ళకు అనుమానం ఉండి ఉంటుంది. బహుశా మీరు పంపిన రిపోర్టులో రాసినట్టు వెనక, వెన్నెముకతో కలిసే జాయింటు వైపు. ముందే రేడియేషన్ పెడితే అంచుల్లో దాక్కున్న కణాలు చస్తాయి, మెత్తటి గడ్డ ఇంకా ముడుచుకుంటుంది. సర్జన్ సన్నటి పొరతో తీసినా భయం తగ్గుతుంది. ఇంకో లాభం ఉంది. ఆపరేషన్‌కు ముందైతే ఎంత మేర రేడియేషన్ పెట్టాలో స్కాన్‌లో కచ్చితంగా కనిపిస్తుంది. ఆపరేషన్ అయ్యాక పెట్టాల్సి వస్తే కత్తి తగిలిన చోటంతా కలుపుకోవాలి, పేగులు ఆ ఖాళీలోకి జారి ఉంటాయి, పుండు మానేదాకా ఆగాలి.

దీనికి చెల్లించే ధర పుండు. రేడియేషన్ తిన్న చర్మం, కండ కోశాక తొందరగా మానవు. కెనడాలో కాళ్ళూ చేతుల్లో కండ, కొవ్వు లాంటి మెత్తటి కణజాలంలో వచ్చే సార్కోమా క్యాన్సర్ల మీద 190 మందితో చేసిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. రేడియేషన్ ముందు పెట్టినవారిలో పుండు ఇబ్బందులు 35 శాతం మందికి, తర్వాత పెట్టినవారిలో 17 శాతం మందికి. కానీ ఏళ్ళు గడిచాక కండ గట్టిపడి బిగుసుకుపోవడం ముందు పెట్టినవారిలోనే తక్కువ. అది ఎముక జబ్బు మీద చేసింది కాదు, అంకెలు మీవాడికి అచ్చంగా వర్తించవు. కానీ లెక్క తీరు అదే. ముందు పెడితే మొదటి మూడు నాలుగు నెలలు కష్టం, తర్వాత పెడితే ఏళ్ళ తరబడి కష్టం. పుండు చీము పట్టి ఆలస్యమైతే తర్వాతి కీమో కూడా వెనక్కి పోతుందని, అది చిన్న విషయం కాదని గుర్తుంచుకోండి. అందుకే కొన్నిచోట్ల ప్లాస్టిక్ సర్జన్‌ను కూడా టేబుల్ దగ్గర ఉంచుకుని, రేడియేషన్ తగలని చోటి కండను తెచ్చి కప్పుతారు. మీ దగ్గర అలా చేస్తారా అని అడగండి.

28 సిట్టింగులంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఐదున్నర వారాలు. రోజుకు 1.8 గ్రే చొప్పున మొత్తం 50.4 గ్రే. గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత. ఆ రోజుల్లో కీమో ఆగదు, మందులు మారతాయి. ఎర్రగా రోజ్ మిల్క్ రంగులో ఎక్కించే మందు ఉంటుంది చూడండి, డాక్సోరూబిసిన్, దాన్ని అప్పుడు పక్కన పెడతారు. రేడియేషన్‌తో కలిస్తే చర్మం, పేగులు మరీ కమిలిపోతాయి. 'అందరికీ ఇచ్చే మందు మావాడికి ఎందుకివ్వలేదు, స్టాకు లేదా?' అని నర్సులతో పోట్లాడిన తండ్రులను చూశాను నేను. కావాలనే ఆపుతారు.

రెండో ఆసుపత్రి మాటకు వస్తాను. ఇక్కడే మీరు బాగా తికమక పడ్డారు. 'ఇద్దరూ రేడియేషన్, ఆపరేషన్ అనే అంటున్నారు కదా, వాళ్ళది త్వరగా అయిపోతుంది' అని రాశారు. పేరు ఒకటే గానీ పనులు వేరు. వాళ్ళు చెప్పింది జబ్బు ఎముకను కోసి బయటికి తీసి, దానికి అంటుకున్న గడ్డను గీకేసి, ఆ ఎముకకు మాత్రమే రేడియేషన్ పెట్టి మళ్ళీ స్క్రూలు, ప్లేట్లతో బిగించడం. నేను డ్యూటీలో ఉన్నప్పుడు అలాంటి ఎముకలు వచ్చేవి. థియేటర్ నుంచి తడి గుడ్డల్లో, స్టెరైల్ కవర్లలో పొరలు పొరలుగా చుట్టి, డబ్బాలో పెట్టి, ఒక థియేటర్ కుర్రాడు దాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని లిఫ్టులో దిగేవాడు. పైన పేషెంటు పొట్ట తెరిచి ఉంటుంది, కింద మేము తలుపులేసి మిషన్ ఆన్ చేస్తాం. మీవాడికి 28 రోజుల్లో పెట్టేదంత, 50 గ్రే, ఒకే దఫా. ఎముకలో ఉన్న ప్రతి కణం చస్తుంది. ఒంట్లో ఉండి ఉంటే మనిషి తట్టుకోలేని మోతాదు అది.

ఇది మంచి పద్ధతే. మన దేశంలో చాలాచోట్ల చేస్తారు. సొంత ఎముక కాబట్టి అచ్చు సరిపోతుంది, లక్షలు పోసి లోహపు ఎముక కొనక్కర్లేదు. కానీ ఇది ఎముకను తిరిగి కట్టే పద్ధతి. ఒంట్లో మిగిలిన అంచులకు ఇందులో ఒక్క గ్రే కూడా తగలదు. పైగా ఎముకను మళ్ళీ లోపల పెట్టేస్తారు కాబట్టి కీమోకు గడ్డ ఎంత శాతం చచ్చిందో మొత్తం కోసి చూసే వీలుండదు, గీకిన ముక్కల్లో చూడాల్సిందే. తిరిగి పెట్టింది చచ్చిన ఎముక, చట్రం లాంటిది. పక్కనున్న బతికిన ఎముకతో అతుక్కోవడానికి నెలలు పడుతుంది, ఈలోగా విరగొచ్చు, చీము పట్టొచ్చు. గడ్డ ఎముకను మరీ తినేసి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. కాబట్టి వాళ్ళను అడగాల్సింది, 'బయట ఎముకకు పెడతారు సరే, లోపల మార్జిన్ తగినంత వస్తుందని మీకు నమ్మకమేనా? రాకపోతే తర్వాత ఒంటికి కూడా రేడియేషన్ పెడతారా?' అని. అవునంటే కరెంటు తప్పినట్టు కాదు, వాయిదా పడినట్టు.

మూడో మాట, రేడియేషన్ ఒక్కటే. దీన్నీ తీసిపారేయలేం. ఈవింగ్‌లో ఆపరేషన్ లేకుండా 31 సిట్టింగుల్లో 55.8 గ్రే దాకా ఇచ్చి, కీమోతో పాటు పూర్తి చేయడం చాలామందికి చేసే వైద్యమే. ముఖ్యంగా తీస్తే కాలు పనికిరాకుండా పోతుందనుకున్న చోట. రేడియేషన్ ఒక్కటే పెట్టినవారిలో గడ్డ అక్కడే తిరిగి లేవడం కొంత ఎక్కువని చాలా లెక్కల్లో కనిపిస్తుంది. అయితే పెద్ద గడ్డలు, తీయడానికి వీల్లేని గడ్డలే అటు వెళ్తాయి కాబట్టి ఆ పోలిక సమానుల మధ్య కాదు. ఆపరేషన్ చేసినవాళ్ళనూ రేడియేషన్ ఒక్కటే పెట్టినవాళ్ళనూ చీటీ తీసి విడదీసి పోల్చిన అధ్యయనమంటూ లేదు. 17 ఏళ్ళవాడికి ఇంకో సంగతి. అంత మోతాదు తిన్న ఎముక ఒంట్లోనే ఉండిపోతుంది. ఏళ్ళ తర్వాత విరగడం, చాలా కొద్దిమందిలో అదే చోట ఇంకో క్యాన్సర్ రావడం ఉన్నాయి. నిజానికి తీయగలిగే గడ్డ అయితే తీయడం వైపే ఎక్కువమంది డాక్టర్లు మొగ్గుతారు, నేనూ అంతే. ఆ డాక్టరు గారి మాట తప్పు కాకపోవచ్చు. కానీ ఫోన్‌లో రిపోర్టు కాగితం చూసి మార్జిన్ ఎవరూ చెప్పలేరు. కాగితం కాదు, ఎంఆర్ఐ బొమ్మలున్న సీడీ కావాలి. కీమోకు ముందుదీ, తర్వాతదీ, రెండూ.

ఇక నా మొగ్గు అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఆజ్ఞలా తీసుకోకండి. రెండు ఆసుపత్రుల సర్జన్లనూ ఒకే ప్రశ్న అడగండి: 'ఇవాళ తీస్తే అంచుల్లో జబ్బు లేకుండా తీయగలరా? ఏ వైపు అనుమానం?' స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించమనండి. 'అన్ని వైపులా చోటుంది, తుంటి గిన్నె మిగులుతుంది' అని ఇద్దరూ అంటే బావగారి కోరిక తీరుతుంది, ఆపరేషన్ ముందు చేయించుకోవచ్చు. అప్పుడు కూడా తీసిన దాన్ని మైక్రోస్కోప్‌లో చూశాక రేడియేషన్ అవసరమని తేలితే ఒప్పుకోవాలని ఇప్పుడే ఇంట్లో అందరి చేతా అనిపించుకోండి. ఒకరైనా 'వెనక వైపు కష్టం' అంటే నేనైతే రేడియేషన్ ముందు పెట్టించుకుంటాను. సగం తీసి సగం వదిలిన ఆపరేషన్ అన్నిటికన్నా చెడ్డది. దాని తర్వాత ఎంత రేడియేషన్ పెట్టినా మొదటి అవకాశం మళ్ళీ రాదు. ఆ సూది గుచ్చిన మచ్చ కూడా ఆపరేషన్‌లో కలిపి తీస్తారా అని అడగడం మర్చిపోకండి. బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాకులు ల్యాబులోనే పడి ఉంటాయి, అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. రెండో చోట పాథాలజీ మళ్ళీ చూస్తామంటే అవే కావాలి.

అక్క భయం గురించి. అత్తగారికి పెట్టింది నోటికి. నోట్లో పొర లేత, అందుకే పుళ్ళు. మీవాడికి పెట్టేది తుంటికి, వాడి నోటికి ఏమీ కాదు, అన్నం తింటాడు. ఒంట్లోకి కరెంటేమీ ఎక్కదు, వాడి పక్కన పడుకున్నవాళ్ళకు ఏమీ అంటుకోదు. మొదటి రోజు సీటీ తీసి, తుంటి మీద గుర్తులు పెడతారు. స్నానంలో వాటిని రుద్దనివ్వకండి. రోజూ గదిలోకి వెళ్ళేముందు అర లీటరు దాకా నీళ్ళు తాగించి, ఒంటికి పోకుండా ఆపుకోమంటారు. మూత్రాశయం నిండితే పేగులు పైకి జరిగి తప్పించుకుంటాయి. మిషన్ తిరిగేది కొద్ది నిమిషాలే. ఆ సేపు వాడు లోపల ఒంటరిగా ఉంటాడు, బయట టీవీలో కనిపిస్తాడు, మైకులో మాట్లాడొచ్చు. మా దగ్గర ఒకావిడ రోజూ ఆ టీవీ ముందు నిలబడి కొడుకుతో పాటు తనూ ఊపిరి బిగబట్టేది. మూడో వారం నుంచి విరేచనాలు, నీరసం, గజ్జల్లో చర్మం నల్లబడటం ఉంటాయి. రక్త కణాలు పడిపోతాయి. జ్వరం 100.4 దాటితే రాత్రి రెండైనా సరే ఆసుపత్రికే, డోలో వేసి తెల్లారేదాకా చూడటం వద్దు.

చెన్నైలో 2019 నుంచి ప్రోటాన్ మిషన్, అంటే ఎక్స్‌రే కిరణాలకు బదులు ప్రోటాన్ కణాలతో రేడియేషన్ పెట్టేది, ఉందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, చెప్పకపోతే ఇక చెబుతారు. పేగులకు, మూత్రాశయానికి తగిలే మోతాదు తగ్గుతుంది, నిజమే. జబ్బు ఇంకా బాగా నయమవుతుందని తేలలేదు. దానికోసం పొలం అమ్మే ముందు మీ రేడియేషన్ డాక్టరు చేత ఇక్కడి మిషన్‌లో ప్లాన్ వేయించి, పేగులకు ఎంత తగులుతుందో చూడమనండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో కూడా వెళ్ళి ఏది కార్డు కిందకు వస్తుందో ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు వేర్వేరుగా అడగండి.

ఒక మాట మీ ఉత్తరంలో లేదు, ఎవరూ మీకు చెప్పి ఉండరు. ఈ మందులు, కింది భాగానికి పెట్టే రేడియేషన్ పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీయవచ్చు. వీర్యం దాచుకోవడమనేది మొదటి కీమోకు ముందు చేయాల్సిన పని, ఇప్పుడు ఆ వేళ దాటిపోయింది. చదువుతున్న మిగతావాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోండి. మీవాడి విషయంలో వృషణాలకు ఎంత మోతాదు తగులుతుందో, అడ్డు పెట్టే వీలుందో అడగండి. వైద్యం పూర్తయ్యాక కొందరికి ఆ శక్తి తిరిగి వస్తుంది, పరీక్ష చేయించుకోవచ్చు. దీన్ని సిగ్గుపడకుండా అడగాల్సింది మేనమామే. తల్లి అడగలేకపోవచ్చు.

చివరిగా వాడి గురించి. 'ఇన్ఫెక్షన్' అని మీరు చెప్పిన మాట వాడు నమ్ముతున్నాడని మీరు నిజంగా అనుకుంటున్నారా? వార్డు బోర్డు మీద ఏముందో వాడు చదవలేడా? సెలైన్ బాటిల్ మీద మందు పేరు ఫోన్‌లో కొట్టి చూడటానికి ఇంటర్ పిల్లవాడికి ఎంతసేపు? వాడికి తెలుసు. మీ నోటితో వినాలని చూస్తున్నాడు. వాడు మిమ్మల్ని అడిగింది 'నాకేమైంది' అని కాదు, 'బౌలింగ్ వేస్తానా' అని. మొదటిది వాడికి తెలిసిపోయింది కనకనే రెండోది అడిగాడు.

ఇంకో లెక్క చూడండి. ఆపరేషన్ ముందు అయితే సమ్మతి పత్రం మీద బావగారు సంతకం పెడతారు. రేడియేషన్ ముందు పెట్టించి, నెలా నెలన్నర ఆగి ఆపరేషన్ అంటే అప్పటికి వాడికి 18 నిండిపోతాయి. సంతకం వాడిదే. కాగితం మీద క్యాన్సర్ అని రాసి ఉంటుంది. ఆ పూట థియేటర్ బయట స్ట్రెచర్ మీద, పెన్ను చేతిలో పెట్టాక వాడు మొదటిసారి ఆ మాట చదవాలా?

కాబట్టి సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడినీ తీసుకెళ్ళండి. దారిలో, బస్సులోనైనా సరే, జబ్బు పేరు మీరే చెప్పండి. బౌలింగ్ సంగతి మీరు ఊహించి చెప్పకండి, నేనూ చెప్పను. తుంటి గిన్నె మిగులుతుందా లేదా అన్నదాని మీద ఉంది అది. వాడి రన్నప్ ఎన్ని అడుగులో, ఏ కాలు మీద దిగుతాడో సర్జన్‌కు వాడే చెప్పి వాడే అడగనివ్వండి. మీరు పక్కనే కూర్చోండి, ఈసారి టీకి వెళ్ళకండి.